పెంపుడు పాముల కోసం ఇంట్లో చిట్టెలుకల పెంపకం: బాధ పెట్టకుండా, లెక్క తప్పకుండా

కార్న్ స్నేక్, బాల్ పైథాన్, కింగ్ స్నేక్ లాంటి పాముల్ని పెంచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: ప్రతిసారీ ఎలుకల కోసం తిరిగేకంటే ఇంట్లోనే పెంచుకుంటే పోదా అని. పెంచుకోవచ్చు. రెండు ఆడ చిట్టెలుకల్ని, ఒక మగదాన్ని డబ్బాలో వేసి తిండి పెడితే మిగతాది అవే చూసుకుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. అవి చూసుకునే వేగానికి మనం సిద్ధంగా లేకపోతే మూడు నెలల్లో ఇంట్లో వంద ఎలుకలు, కంపు కొట్టే డబ్బాలు, ఒకదాన్నొకటి కొరుక్కునే మగ ఎలుకలు మిగులుతాయి. ఎవరికీ అవసరం లేని ప్రాణాల్ని పుట్టించి ఇరుకులో పెట్టడం పాముకు తిండి పెట్టడం కిందికి రాదు.

పాము మాంసాహారి, దానికి ఎలుక కావాలి. అందులో మనం మార్చగలిగింది ఏమీ లేదు. ఆ ఎలుక ఎలా బతకాలి, ఎలా చనిపోవాలి అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోని విషయం. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ రెండింటి గురించే.

అసలు మీకు ఇది అవసరమా?

ముందు మీ దగ్గర ఉన్న జీవి ఏమిటో చూడండి. బల్లి జాతివైన లెపర్డ్ గెకోకి, బియర్డెడ్ డ్రాగన్‌కి ఎలుకలు అక్కర్లేదు. వాటికి పురుగులు, బియర్డెడ్ డ్రాగన్‌కైతే ఆకుకూరలు కూడా సరైన తిండి. ఎలుక పిల్లల్ని అలవాటు చేస్తే కొవ్వు పేరుకుంటుంది. ఈ పెంపకం ముఖ్యంగా పాముల కోసమే.

తర్వాత చట్టం. మన దేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి ఇక్కడి పాముల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవైతే, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ కాగితం లేకుండా పామునే తెచ్చుకోకండి, ఎలుకల సంగతి తర్వాత.

ఇప్పుడు లెక్క. పెద్ద కార్న్ స్నేక్ పది, పద్నాలుగు రోజులకు ఒక పెద్ద చిట్టెలుకను తింటుంది. అంటే ఏడాదికి సుమారు 30. ఒక ఆడ చిట్టెలుక కడుపుతో ఉండేది 19 నుంచి 21 రోజులు మాత్రమే. ఒక ఈతకు 6 నుంచి 12 పిల్లలు పెడుతుంది. పైగా ఈనిన 24 గంటల్లోపే మళ్లీ జతకట్టి కడుపు తెచ్చుకోగలదు. మగదాన్ని పక్కనే వదిలేస్తే రెండు ఆడవి ఏడాదిలో 150 నుంచి 200 పిల్లల్ని ఇస్తాయి. మీకు కావాల్సింది 30.

అందుకే ఒకటో రెండో పాములు ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే: ఫ్రోజెన్ ఎలుకలు (చంపి గడ్డకట్టించి అమ్మేవి) దొరికితే అవే కొనుక్కోండి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండే మనవాళ్లకు అవి పెట్ షాపులోనే దొరుకుతాయి, అక్కడ ఇంట్లో పెంచాల్సిన అవసరం చాలా తక్కువ. ఇక్కడ మన ఊళ్లలో నమ్మకంగా దొరకడం కష్టం కాబట్టి, మూడు నాలుగు పాములు ఉంటే పెంపకానికి అర్థం ఉంటుంది. ఈ వ్యాసంలో మూడు పెద్ద కార్న్ స్నేక్‌లు ఉన్న ఇంటిని లెక్కలోకి తీసుకుంటున్నాను: ఏడాదికి 90 చిట్టెలుకలు కావాలి. ఈతకు సగటున 8 చొప్పున రెండు ఆడవి కలిసి 16 ఇస్తాయి. ఏడాదికి ఆరు ఈతలు, అంటే రెండు నెలలకు ఒకటి. ఒక మగది, రెండు ఆడవి. అంతకు మించి ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి. వినాయకుడి వాహనాన్ని ఇంట్లో పెంచి పాముకు పెడతావా అని పెద్దవాళ్లు బాధపడితే ఆ బాధను తేలిగ్గా తీసిపారేయకండి. వాళ్లకు కనపడకుండా చేసే పని కాదిది. అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

ఇల్లు కట్టడం

ముగ్గురికి 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 25 నుంచి 30 ఎత్తు ఉన్న గట్టి ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా సరిపోతుంది. మూతలో పెద్ద కిటికీ కోసి ఇనుప జాలీ బిగించండి, ఒక పక్క గోడకు కూడా ఇంకో ముక్క పెట్టండి. జాలీ కన్ను 6 మిల్లీమీటర్లు దాటకూడదు. తల పట్టే సందు ఉంటే చిట్టెలుక ఒళ్లంతా పట్టించేస్తుంది. జాలీని లోపలివైపు నుంచి నట్లు, బోల్టులతో బిగించండి, ప్లాస్టిక్ అంచు పళ్లకు అందితే రాత్రికి రాత్రే కొరికేస్తాయి. అడుగు మాత్రం జాలీ కాకూడదు, కాళ్లకు పుండ్లు పడతాయి. ఇలాంటివి మొత్తం నాలుగు డబ్బాలు కావాలి: ఆడవాటికి ఒకటి, మగదానికి ఒకటి, ఎదుగుతున్న ఆడ పిల్లలకు, మగ పిల్లలకు చెరొకటి.

అడుగున రెండు మూడు అంగుళాల మందాన పొట్టు పరచాలి. దేవదారు, పచ్చి పైన్ చెక్క పొట్టు వద్దు. వాటి వాసనలోని నూనెలు ఊపిరితిత్తుల్ని, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మన దగ్గర తేలికగా దొరికేది వరి ఊక. దుమ్ము పోయేలా బాగా జల్లించి, ఎండబెట్టి వాడుకోవచ్చు. సన్నగా చింపిన కాగితం కూడా బాగుంటుంది. గూడు కట్టుకోవడానికి టిష్యూ పేపర్లు ఇవ్వండి. దూది, పీచు దారాలు ఇవ్వకండి, పిల్లల కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది.

దాక్కోవడానికి రెండు చోట్లు, దూరడానికి అట్టగొట్టాలు, కొరకడానికి మందు కొట్టని జామ కొమ్మ ముక్క, పరిగెత్తడానికి ఒక చక్రం. చక్రం తీగలతో చేసింది అయితే తోక, కాళ్లు ఇరుక్కుంటాయి కాబట్టి గట్టి పలక ఉన్నదే కొనండి. ఎలాగూ పాముకు పోయేవే కదా, ఈ ఆటవస్తువులు ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ ఎలుకకు ఉన్నది ఈ రెండు నెలల బతుకే. అందులో తవ్వడం, గూడు అల్లడం, పరిగెత్తడం లేకపోతే ఇంక దానికి మిగిలేది ఏమీ లేదు. పనీపాటా లేని ఎలుకలు ఒకదాని మీసాలు, బొచ్చు ఇంకొకటి కొరికి బోడి చేస్తాయి. ఇరుకు ఎక్కువైతే తల్లులు పిల్లల్నే తినేస్తాయి.

మన వాతావరణంలో అన్నిటికన్నా పెద్ద గండం ఎండాకాలం. చిట్టెలుకకు 20 నుంచి 26 డిగ్రీలు హాయి. 30 దాటితే ఈతలు తగ్గుతాయి, ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏప్రిల్, మేలలో ఏసీ గదిలో చోటు లేకపోతే ఆ రెండు నెలలు అసలు జతకట్టించకండి, ఫ్రీజర్‌లో ముందే దాచుకున్న వాటితో గడపండి. కరెంటు పోతుందన్న టెన్షన్ ఉన్న ఊళ్లలో నీళ్లు గడ్డకట్టించిన బాటిల్‌కు గుడ్డ చుట్టి డబ్బా బయట, గోడకు ఆనించి పెడితే కాస్త ఊరట. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి.

రోజుకు 12 నుంచి 14 గంటల వెలుతురు, మిగతా వేళ చీకటి ఉండాలి. తెల్ల ఎలుకల కళ్లు కాంతికి తట్టుకోలేవు, కాబట్టి కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద పెట్టకండి. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ, ఫినాయిల్, కలరా ఉండలు ఆ గదిలోకి రాకూడదు. చీమలు మాత్రం తప్పకుండా వస్తాయి, అప్పుడే పుట్టిన పిల్లల్ని చంపేస్తాయి కూడా. మందు కొట్టవద్దు, చాక్‌పీసు గీయవద్దు. డబ్బాను స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంచండి. మన అమ్మమ్మలు తిండి అలమరకు చేసిన ఏర్పాటే, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

పాముల గది వేరు, ఎలుకల గది వేరు. పాము వాసన తగులుతూ ఉంటే ఎలుకలు పగలూ రాత్రీ భయంతోనే బతుకుతాయి. ఎలుకల వాసన తగులుతుంటే పాము కూడా తలుపు తీసిన ప్రతి చేతినీ తిండే అనుకుంటుంది.

తిండి, నీళ్లు

ఎలుక తిన్నదే పాముకు చేరేది. పెద్ద చిట్టెలుక రోజుకు 4 నుంచి 5 గ్రాముల దాణా తింటుంది, 5 నుంచి 7 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. ఎలుకల కోసమే తయారైన పెల్లెట్ దాణాను అసలు తిండిగా పెట్టుకోండి. మామూలుగా 16 నుంచి 18 శాతం ప్రొటీన్ చాలు, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి 20 శాతం దగ్గర ఉండాలి. జొన్నలు, సజ్జలు, నానబెట్టిన శనగలు, కొంచెం ఉడికించిన గుడ్డు పైపైన మాత్రమే, మొత్తంలో పదో వంతు దాటకుండా. గింజలే తిండిగా పెడితే ఇష్టమైనవి ఏరుకుని తిని మిగతావి వదిలేస్తాయి, పిల్లలు సన్నబడతాయి. చవకని కోళ్ల దాణా వాడే వాళ్లున్నారు. అందులో కోళ్ల జబ్బులకు మందులు కలిపి ఉండవచ్చు, వద్దు.

నీళ్ల బాటిల్ ఒక్కటి చాలదు, రెండు పెట్టండి. ముక్కులోని గుండు ఇరుక్కుంటే బాటిల్ నిండుగానే కనిపిస్తుంది, ఎలుకలు దాహంతో చనిపోతాయి. రోజూ వేలితో తట్టి చుక్క రావడం చూడండి. ఈ పెంపకంలో ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడని పని ఇది.

ఎలుకల్ని తెచ్చుకోవడం

ఇంట్లో, చేలో బోనుకు పడ్డ ఎలుకల్ని పెంపకానికి గానీ, నేరుగా పాముకు గానీ వాడకండి. వాటి ఒంట్లో పురుగులు, లెప్టోస్పైరా క్రిములు ఉండవచ్చు. అంతకన్నా ప్రమాదం, పక్కింటివాళ్లు పెట్టిన ఎలుకల మందు తిని ఉండవచ్చు. ఆ విషం పాముకూ ఎక్కుతుంది. ల్యాబుల్లో ప్రయోగాలకు వాడిన ఎలుకలు కూడా ఎవరైనా ఇస్తామంటే తీసుకోకండి.

పెంపుడు తెల్ల చిట్టెలుకల్నే నమ్మకమైనవాళ్ల దగ్గర కొనండి. రెండు ఆడవి అక్కచెల్లెళ్లయితే మంచిది, కలిసి పెరిగినవి కలిసి గూడు కట్టి ఒకరి పిల్లలకు ఒకరు పాలిస్తాయి. మగది వేరే చోటు నుంచి రావాలి. కళ్లు మెరుస్తూ ఉండాలి, బొచ్చు నున్నగా ఉండాలి. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్‌టిక్‌మని ఊపిరి శబ్దం రాకూడదు. అలా వస్తే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. మగదాన్ని గుర్తుపట్టడం తేలికే: తోక కింద ఉండే రెండు రంధ్రాల మధ్య ఎడం ఆడదానికన్నా రెండింతలు ఉంటుంది. కొత్తవాటిని నెల రోజులు వేరే గదిలో ఉంచి చూశాకే పాతవాటి దగ్గరికి తేవాలి.

తోక పట్టి లేపే అలవాటు మానండి. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తోక పట్టి ఎత్తిన ఎలుకల్నీ, గొట్టంలోకి ఎక్కించి లేదా దోసిట్లో ఎత్తిన వాటినీ పోల్చి చూశారు. రెండో రకంవి మనిషి దగ్గరికి భయం లేకుండా వచ్చాయి. ఒక అట్టగొట్టం ఇంట్లోనే ఉంటుంది, దాన్ని ముందు పెడితే ఎలుక తనంతట తనే ఎక్కుతుంది. చివరి రోజున కూడా ఆ గొట్టంతోనే ఎత్తుతారు కాబట్టి అప్పుడు కూడా అది బెదరదు.

జతకట్టించడం

ఆడవాటికి 8 నుంచి 10 వారాల వయసు వచ్చేదాకా ఆగండి. ఐదారు వారాలకే కడుపు తెచ్చుకోగలవు గానీ అప్పుడు వాటి ఒళ్లే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆడదానికి నాలుగైదు రోజులకొకసారి ఎద వస్తుంది. మగదాన్ని రెండు వారాలు కలిపి ఉంచితే కనీసం రెండు మూడు సార్లు అవకాశం వస్తుంది, దాదాపు అన్నీ కడుపుతో ఉంటాయి. ఆ తర్వాత మగదాన్ని తీసేయండి. మొత్తం పెంపకంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఈనే వేళకు మగది అక్కడే ఉంటే అదే రోజు మళ్లీ కడుపు వస్తుంది, తల్లి ఒక పక్క పాలిస్తూ ఇంకో పక్క కడుపు మోస్తూ త్వరగా ఎండిపోతుంది.

వేరు చేసిన మగది తన డబ్బాలో ఒంటరిగా, చక్రంతో, గూటితో బాగానే ఉంటుంది. ఆడవాటితో ఉండి వచ్చిన మగదాన్ని ఇంకో మగదానితో కలపకండి, రక్తాలు వచ్చేదాకా కొట్టుకుంటాయి. ఇంకో సంగతి: కొత్తగా కడుపు నిలిచిన ఆడదాని దగ్గరికి వేరే మగదాన్ని తెస్తే, ఆ కొత్త వాసనకే కడుపు పోయే అవకాశం ఉంది. హిల్డా బ్రూస్ అనే శాస్త్రవేత్త 1959లో ఈ విషయాన్ని బయటపెట్టారు. మగదాన్ని మార్చాలనుకుంటే రెండు ఈతల మధ్య విరామంలోనే మార్చండి.

ఈనినప్పటి నుంచి వేరు చేసేదాకా

కడుపు రెండు పక్కలా ఉబ్బి కనబడగానే డబ్బాను ఒకసారి శుభ్రం చేసి, టిష్యూలు ఎక్కువగా ఇచ్చి, ఇంక చేయి పెట్టకండి. ఈనిన మొదటి నాలుగైదు రోజులు తిండి, నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు. గూడు కదిపితే, గది గోలగా ఉంటే తల్లి పిల్లల్ని తినేసే అవకాశం ఉంది.

పిల్ల పుట్టినప్పుడు గ్రాము, గ్రామున్నర బరువుతో ఎర్రగా, బొచ్చు లేకుండా ఉంటుంది. పెంపకందార్లు పింకీ అనేది దీన్నే. వారానికి సన్నని బొచ్చు వస్తుంది, అప్పుడు ఫజ్జీ. 12 నుంచి 14 రోజులకు కళ్లు తెరిచి గెంతడం మొదలుపెడితే హాపర్. పదో రోజు దగ్గర ఒకసారి పొట్టవైపు చూడండి, బొచ్చు పూర్తిగా రాకముందు ఆడపిల్లలకు రొమ్ముల చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడే ఆడవెన్ని, మగవెన్ని రాసుకుంటే తర్వాత పొరపాటు జరగదు.

21 రోజులకు పాలు మాన్పించవచ్చు. పిల్లలు చిన్నగా ఉంటే ఇంకో మూడు నాలుగు రోజులు తల్లి దగ్గరే ఉంచండి, నాలుగు వారాలు మాత్రం దాటనివ్వకండి. ఆడవాటినీ మగవాటినీ ఆ రోజే వేర్వేరు డబ్బాల్లో వేయాలి. ఒక్క మగపిల్ల అటు కలిసిపోతే వేసుకున్న లెక్కంతా పోతుంది. ఒకే ఈతలో పుట్టిన మగవి ఏడెనిమిది వారాలదాకా సాధారణంగా గొడవ పడవు. 16 పిల్లలు నెల రోజులు ఎదగడానికి సుమారు రెండు కిలోల దాణా పడుతుంది, దాన్ని ముందే తెచ్చి ఉంచుకోండి.

తల్లులకు వారం, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చాకే మళ్లీ మగదాన్ని కలపాలి. నాలుగైదు ఈతలకు మించి ఒక తల్లి దగ్గర తీసుకోకండి. మూడో ఈతలో మంచి ఎదుగుదల, నెమ్మది స్వభావం ఉన్న రెండు ఆడపిల్లల్ని ఎంచి పెట్టుకోండి, వాటికి బయటి నుంచి కొత్త మగదాన్ని తేండి. ఈతలు ఆపేసిన పాత తల్లుల్ని ఏం చేయాలన్నది మీరు నిజాయితీగా తేల్చుకోవాల్సిన విషయం. చిట్టెలుక ఏడాదిన్నర, రెండేళ్లు బతుకుతుంది. మీ కోసం ఇన్ని ఈతలు ఈనిన వాటిని చివరిదాకా పెంచుకుంటే నాకు ఎక్కువ నచ్చుతుంది. అలా కుదరకపోతే వాటికి కూడా మిగతావాటిలాగే బాధ లేని ముగింపు ఇవ్వాలి.

శుభ్రం వారానికొకసారి. మూత తీసినప్పుడు ముక్కు మండుతోందంటే అప్పటికే ఆలస్యమైంది. మూత్రం నుంచి వచ్చే అమోనియా వాటి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. పొట్టు మార్చేటప్పుడు పాత గూటిలో పొడిగా ఉన్న పిడికెడు భాగాన్ని కొత్త దాంట్లో వేయండి, తమ వాసన ఉంటే అవి కుదురుగా ఉంటాయి.

ప్రాణం తీయాల్సిన రోజు

ఏడెనిమిది వారాలకు పిల్లలు 20 నుంచి 25 గ్రాములకు చేరతాయి. అప్పుడు ఈ పని చేయాలి. ఇది చేయలేననిపిస్తే పెంపకమే మొదలుపెట్టకండి, అది తప్పు కాదు.

ప్రాణాలతో పాము ముందు వేయడం ఎందుకు వద్దంటే, ఎలుకకు పారిపోయే దారి లేని పెట్టెలో అది వేట కాదు, నిమిషాలకొద్దీ భయం. పాముకు కూడా ప్రమాదం. కంటికి, నోటికి కాటు పడుతుంది. ఆకలి లేని పాము దగ్గర రాత్రంతా వదిలేస్తే ఎలుక దాని వీపును కండదాకా కొరికేయగలదు. వినోదం కోసం ఒక జంతువును ఇంకో జంతువుకు ఎరగా బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. పాము ఎలుకను పట్టే వీడియోలు తీసి పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల్లో ఎలుకలకు షరతులతో ఒప్పుకున్న పద్ధతుల్లో ఒకటి, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వాయువును కొలిచి వదలడం. నిమిషానికి డబ్బా పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున వాయువు నిండాలి. పది లీటర్ల డబ్బాకైతే నిమిషానికి 3 నుంచి 7 లీటర్లు. రెగ్యులేటర్, ఫ్లోమీటర్ లేకుండా ఇది కుదరదు. ముందే వాయువు నింపిన డబ్బాలో ఎలుకను దించితే కళ్లు, ముక్కు మంటతో విలవిల్లాడుతుంది. ఎలుకలు తమ పొట్టులో, తోబుట్టువులతో ఉండగానే నెమ్మదిగా వదలాలి. ఊపిరి ఆగాక కనీసం ఇంకో నిమిషం వాయువు ఆపకూడదు. తర్వాత పది నిమిషాలు అలాగే ఉంచి, ఊపిరి, గుండె చప్పుడు లేవని, కంటిని తాకితే కదలిక లేదని ఒక్కొక్కదాన్నీ చూసి ఖాయం చేసుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచండి, ఈ వాయువు గదిలో నేల మీద పేరుకుంటుంది, మనకూ ప్రమాదమే. వాయువుతో ఎలుకకు అసలు ఇబ్బందే ఉండదని నేను అనను. సరిగ్గా చేస్తే ఆ ఇబ్బంది తక్కువసేపు ఉంటుంది.

మెడ ఎముకను ఒక్క కదలికలో విడదీసే పద్ధతి ఇంకా వేగంగా ముగుస్తుంది. చేయి తిరిగినవాళ్లకే అది సాధ్యం. వెటర్నరీ డాక్టర్ పక్కన నిలబడి నేర్పితే తప్ప, వీడియో చూసి ప్రయత్నించకండి.

పది రోజుల లోపు పిల్లల సంగతి వేరు. కడుపులో తక్కువ ఆక్సిజన్‌తో పెరిగిన ఆ ఒంటికి వాయువు తొందరగా పనిచేయదు, చచ్చాయనుకున్నవి బయటికి తీశాక మళ్లీ కదులుతాయి. వాటిని ప్రాణాలతో ఫ్రీజర్‌లో పెట్టడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి, అది నెమ్మదైన చావు. పాము పిల్ల ఉండి పింకీలు తప్పనిసరైతే డాక్టర్ దగ్గర నేర్చుకోండి, లేదా పింకీలను మాత్రం ఫ్రోజెన్ కొనండి. పాము కాస్త ఎదిగాక, దాని ఒళ్లు లావుగా ఉన్నచోటి మందానికి సరిపడే ఎలుకను పెడితే చాలు, పింకీల అవసరం కొన్ని నెలల్లోనే తీరిపోతుంది.

వెనిగర్, వంట సోడా కలిపి వాయువు చేయడం, డ్రై ఐస్ పెట్టడం, నీళ్లలో ముంచడం, బండి పొగ పట్టడం, ఇవేవీ ఒప్పుకోదగినవి కావు. మత్తు ఇంజెక్షన్‌తో చనిపోయిన ఎలుకను పాముకు పెట్టకూడదు, ఆ మందు పాముకూ ఎక్కుతుంది. ఒంటి మీది పురుగులకు ఐవర్‌మెక్టిన్ లాంటి మందు వాడిన ఎలుకలు ఎన్నాళ్లదాకా పనికిరావో డాక్టర్‌నే అడగండి.

దాచడం, పెట్టడం

చల్లారాక జిప్ కవర్లలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, తేదీ రాసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆరు నెలల్లోపు వాడేయాలి. ఇంటి వంట సామాను ఉండే ఫ్రిజ్ కాకుండా వేరే చిన్న ఫ్రీజర్ ఉండాలి. గడ్డకట్టిస్తే సాల్మొనెల్లా చావదు. 2014లో అమెరికాలో ఫ్రోజెన్ ఎలుకల నుంచే మనుషులకు సాల్మొనెల్లా సోకిన కేసులు బయటపడ్డాయి.

ముందురోజు రాత్రి ఆ చిన్న ఫ్రీజర్‌లోంచి తీసి, ఐస్ వేసిన చల్లని డబ్బాలో మూత పెట్టి కరగనివ్వండి. పెట్టే ముందు కవర్‌తో సహా వేడినీళ్లలో ఉంచి 38 డిగ్రీలకు తేవాలి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపల ఉడికి పగులుతుంది. పొడవాటి పట్టకారుతో, చీకటి పడ్డాక, తల కాస్త ఎక్కువ వెచ్చగా ఉండేలా చూపిస్తూ నెమ్మదిగా కదిలించండి. ప్రాణమున్నవాటికి అలవాటు పడ్డ పాము మొదట్లో మొండికేయవచ్చు, వారం ఆగి మళ్లీ చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాముకు కొన్ని వారాల ఉపవాసంతో ఏమీ కాదు.

మన ఆరోగ్యం

ఎలుకల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పొట్టు మార్చేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. గిన్నెలు వంటింటి సింకులో కడగవద్దు. ఐదేళ్ల లోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. చిట్టెలుకల నుంచి సోకే ఎల్‌సీఎంవీ అనే వైరస్ గర్భంలోని బిడ్డకు తీవ్రంగా హాని చేయగలదు. చిట్టెలుకలకు బదులు పెద్ద ఎలుకల్ని పెంచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2017లో అమెరికాలోని విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఇళ్లలో ఎలుకల్ని పెంచేవాళ్లకు సియోల్ వైరస్ సోకడంతో విషయం బయటపడి, విచారణ ఇంకా చాలా రాష్ట్రాలకు పాకింది. జ్వరం వచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంట్లో ఎలుకలున్నాయని తప్పకుండా చెప్పండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని మగదాన్ని కలిపిన తేదీ, తీసిన తేదీ, ఈనిన తేదీ, పిల్లలెన్ని, ఫ్రీజర్‌లో ఎన్ని ఉన్నాయో రాయండి. బాల్ పైథాన్ పెంచేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చలికాలంలో అది నెలల తరబడి తిండి మానేయవచ్చు. ఫ్రీజర్‌లో రెండు నెలలకు సరిపడా ఉంటే తర్వాతి జత ఆపేయండి. మగదాన్ని తన డబ్బాలోనే ఉంచేస్తే చాలు, మళ్లీ అవసరం వచ్చేదాకా కొత్త పిల్లలు ఉండవు.